మధ్యలో ఆగకూడదు

“ఫోన్‌ వద్దమ్మా. ఎవరైనా కాల్‌ చేస్తే తాళం ఆగిపోతుంది. మధ్యలో ఆగితే ప్రమాదం,” అంది టైపు టీచరు, ఫోన్లోని తాళం యాప్‌ మూసేస్తూ.

పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయికి నవ్వొచ్చింది. పాట ఆగితే విసుగొస్తుంది గానీ ప్రమాదమేమిటి? పెద్దావిడ ముందు నవ్వితే బాగుండదని ఊరుకుంది.

అమ్మాయి రేడియో స్టేషన్లో సౌండ్‌ ఇంజనీరు. సెలవు దొరికితే ఇంట్లో కంప్యూటర్‌ ముందు కూర్చుని సొంతంగా సంగీతం చేసుకుంటుంది. సామాన్లు సర్దుకున్న మూడో రోజే టీచరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పొద్దున నీ గదిలోంచి వినిపించిన ఆ దరువు ఎలా చేస్తావో నాకు నేర్పుతావా అని అడిగింది. ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌ నడిపిన మనిషి. అరవై దాటినా వేళ్లలో చురుకు తగ్గలేదు.

అమ్మాయికి ముచ్చటేసింది. తను ఈ దారి పట్టిన కొత్తలో వాళ్ల నాన్న దీన్ని డబ్బా మోత అని తీసిపారేశాడు. అడిగి మరీ నేర్చుకుంటానన్న మొదటి మనిషి ఈవిడే.

ముందు లాప్‌టాప్‌లో సీక్వెన్సర్‌ చూపించింది. తెర మీద గళ్లుంటాయి. ఏ గడిలో చుక్క పెడితే అక్కడ దెబ్బ పడుతుంది, వరస అయిపోగానే మళ్లీ మొదలవుతుంది. టీచరు గంటలో పట్టేసింది. కానీ వందల శబ్దాలున్నా ఆవిడ మూడే తీసుకుంది: డోలు, చప్పట్లు, గంట. రెండు రోజుల తర్వాత, దీనితో నాకు కుదరదు, ప్రతిదానికీ బల్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తోంది అంది. బల్ల నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఫోన్‌ సంగతి సరేసరి.

అమ్మాయికి అర్థం కానిది ఆవిడ కాదు, ఆవిడ భర్త. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వీధంతా ఇప్పటికీ మాస్టారనే అంటారు. ఎప్పుడు చూసినా కిటికీ పక్క కుర్చీలోనే ఉంటాడు. ఒళ్లో తువ్వాలు, దాని కింద చేతులు. మొదటి రోజు నమస్కారం పెడితే ముఖంలో ఒక్క గీతైనా కదల్లేదు. భార్య కిందా మీదా పడి చేసిన తాళం వినిపిస్తే, పెదవులు కదిపీ కదపకుండా “ఎక్కువైంది” అని గొణిగి ఊరుకున్నాడు. ఇంత బిగుసుకుపోయిన మనిషితో ఈవిడ ఎలా వేగుతోందో అనుకుంది అమ్మాయి.

శనివారం టీచరూ అమ్మాయీ వాయిద్యాల దుకాణానికి వెళ్లారు. షాపతను దరువు వేసే మెరిసే పెట్టెలు నాలుగు బల్ల మీద పరిచి ఒక్కోదాని గొప్పా చెప్పుకొచ్చాడు. టీచరు అంతా ఓపిగ్గా విని, మోగుతుండగానే వేగం మార్చొచ్చా, బ్యాటరీతో నడుస్తుందా, భుజాన తగిలించుకోవచ్చా అని మాత్రం అడిగింది. స్టేజి మీద వాయిస్తారా అని అతను ఆట పట్టించాడు. లేదు బాబూ, హాల్లోనే అంది టీచరు. పదహారు మీటలున్న చిన్న పెట్టె ఎంచుకుంది. అది అన్నిటికంటే సాదా పెట్టె. పక్కనున్నది ఇంతకంటే నయమని అమ్మాయి చెవిలో చెప్పినా వినలేదు.

వారం రోజులు కింది నుంచి ఒకటే దరువు. మొదట నిమిషానికి నూట ఇరవై దెబ్బలు, మాస్టారి పాత పరేడ్‌ వేగం. తర్వాత వందకి దిగింది. ఆపైన ఎనభై నాలుగు. దిగిన ప్రతిసారీ ఆయన ఏదో వంక పెట్టే ఉంటాడని అమ్మాయికి కడుపు మండింది. తాళం తప్ప పాటన్నది రాకుండానే ఆవిడ ఉత్సాహం నీరుగారిపోతుందని దిగులేసింది.

ఆదివారం పొద్దున్నే కిందికి దిగి, టీచర్ని వంటింట్లోనే పట్టుకుంది.

“ఆయన మెప్పు కోసం ఎందుకాంటీ ఇంత తాపత్రయం? ఒక్క మంచి మాటనరు. కనీసం కుర్చీలోంచి లేవరు.”

టీచరు స్టవ్‌ కట్టేసి చేతులు తుడుచుకుంది. ఆవిడకి కోపం రాలేదు.

“లేస్తారు. నాకింకా సరైన తాళం దొరకలేదు, అంతే.”

ఆ మాటకి అమ్మాయికి నాన్న చెవిన పడాలని తలుపు తీసిపెట్టి మరీ పాట మోగించిన రోజులు గుర్తొచ్చాయి. కొందరి కోసం ఎంత చేసినా ఇంతేనని ఈవిడకి ఎవరు చెప్పాలి?

టీచరు హాల్లోకి వెళ్లి టీపాయ్‌ గోడవారకి జరిపింది. తివాచీ చుట్టి పక్కన పెట్టింది. పెట్టె భుజాన తగిలించుకుని మాస్టారికి ఎదురుగా నిలబడింది. మీటలు నొక్కింది. డోలు మోగింది, దాని వెనకే చప్పట్లు. ప్రతి వరసా మొదలయ్యే చోట ఈసారి గంట కూడా చేర్చింది.

మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు.

“ఎనభై నాలుగా?”

“ఎనభై. రాత్రే మార్చాను.”

“ఉండనీ.”

ఇన్నాళ్లలో ఆయన వంక పెట్టకపోవడం అమ్మాయి చూడటం అదే మొదటిసారి. టీచరు ఆయన రెండు చేతులూ పట్టి లేవదీసింది. తువ్వాలు జారి కింద పడింది. ఈ వయసులో డాన్సు చేయిస్తుంది కాబోలనుకుంది అమ్మాయి. కానీ టీచరు ఆయన చేతులు వదిలేసి, ఆయన ముఖంలోకే చూస్తూ ఒకడుగు వెనక్కి వేసింది. మరో అడుగు. మాస్టారు కొయ్యలా నిలబడిపోయాడు. గంట ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. ఆయన పెదవులు మెల్లగా లెక్కపెడుతున్నాయి.

మూడో గంటకి, వణుకుడు జబ్బు ఆర్నెల్లుగా నేలకి అతికించేసిన ఆయన కుడికాలు, ఎవరూ పట్టకుండానే లేచింది.