జలపాతం దగ్గర వేసిన కేక

దూరదేశం నుంచి వచ్చిన గిజిగాడు ఒక కొలను గట్టున, కొంగయ్య దగ్గర గూళ్లు అల్లే కొలువు చేసేవాడు. అతనికి శాశ్వతంగా ఒక కొమ్మ ఇవ్వాలంటే, "మనలో అల్లిక వచ్చినవాళ్లు ఉన్నారా?" అని కొంగయ్య ముందుగా అందరికీ వినపడేలా అడగాలి. ఎవరూ లేకపోతేనే కొమ్మ ఇవ్వాలి. అది ఆ అడవి కట్టుబాటు.

కొంగయ్య జలపాతం హోరులో నిలబడి ఆ మాట అడిగి వచ్చాడు. "ఎవరూ పలకలేదురా. కొమ్మ నీదే!"

గిజిగాడు పొంగిపోయాడు. అంతలో ఎదుటి పొదలో, ఆ అడవిలోనే పుట్టిన చిన్నపిట్ట ఒకటి గూడు అల్లుకుంటూ కనిపించింది. అతని సంతోషం చప్పున చల్లారింది.

"అయ్యగారూ, ఇక్కడ కూడా అడగండి."

"వెర్రివాడా! అది వస్తే నీ కొమ్మ పోతుంది. పైగా అది నీలా పెట్టింది తిని పడి ఉండదు."

"పోతే పోనివ్వండి. దొంగచాటుగా వచ్చిన కొమ్మ మీద నాకు నిద్ర పట్టదు" అని గిజిగాడు తానే గొంతెత్తి అడిగాడు.

పిట్ట రివ్వున వచ్చి వాలింది. "నాకొచ్చు! ఇన్నాళ్లూ ఒక్కరూ అడగలేదేం?"

కొమ్మ దానికే దక్కింది. గిజిగాడు ఎగిరిపోవడానికి రెక్కలు విప్పాడు. పిట్ట నారపోగు కొస ఒకటి అతని ముందు పెట్టింది.

"ఎక్కడికి ప్రయాణం, అన్నా? వాన ముంచుకొస్తుంటే ఇన్ని గూళ్లూ నేనొక్కదాన్నే అల్లాలా? కాస్త జరుగు, నేనూ కూర్చుంటాను."

కొంగయ్య మబ్బుల వైపు చూసి, ఇద్దరికీ నార తేవడానికి కదిలాడు.