గాడిద వెనక ఎవరూ లేరు

వాగు పొంగితే కుందేళ్లను వీపున ఎక్కించుకుని మిట్టకు చేర్చే జంతువులన్నీ వానాకాలానికి ముందే కొంగకు కాళ్లు చూపించాలి. బాగుంటే కొంగ నుదుట ఎర్రమట్టి బొట్టు పెడుతుంది. బొట్టు లేనిదే ఎవరూ మోయకూడదు. అడవికంతా ఉన్నది ఆ ఒక్క కొంగే. అది ఒక్కో డెక్కను మూడుసార్లు చూసి, దొరికిన ప్రతి ముల్లూ తీస్తూ కూర్చునేది.

పన్నెండు రోజులైనా వరుస సగం కూడా కదల్లేదు. పడమట ఉరిమింది.

"మన వంతు వచ్చేసరికి కుందేళ్లు కొట్టుకుపోతాయి," అని దున్న విసుక్కుంది.

వరుసలో అందరికన్నా వెనకున్న గాడిద మెల్లగా అంది: "అన్నా, నీ ఎడమ డెక్కలో ముల్లుంది. మొన్నటి నుంచి చూస్తున్నా."

"మరి మొన్ననే చెప్పొచ్చుగా?"

"చూడాల్సింది కొంగ కదా అనుకున్నా."

దున్న కాలెత్తింది. గాడిద పళ్లతో ముల్లు లాగేసింది. దున్న తన ముందున్న ఎద్దు కాళ్లు చూసింది, ఎద్దు తన ముందున్న గుర్రానివి. అలా వరుసంతా ముళ్లు రాలాయి. ఇక కొంగకు ఒక్కసారి చూస్తే సరిపోయింది. సాయంత్రానికల్లా గాడిద ముందున్న అందరి నుదుటా బొట్టు పడింది. కుందేళ్లు ఊపిరి పీల్చుకున్నాయి.

గాడిద ఒక్కటే మిగిలింది. కొంగ నడిచి వెళ్లి దాని వెనక నిలబడింది.

"నీ వెనక ఎవరూ లేరుగా. నీవి మాత్రం మూడుసార్లూ చూస్తాను."