ఐదో గుడ్డు

చింతచెట్టు చిటారుకొమ్మన కాపురముండే నీలమ్మ అనే కాకికి లెక్కలంటే మహా సరదా. పిల్లలకు రెక్కలొచ్చేదాకా తను గూడు కదలకూడదు, మొగుడు గవరయ్య ఒక్కడే మేత తేవాలి. అతను తెచ్చేవి రోజుకు పన్నెండు ముక్కలు. పెద్దవాళ్లిద్దరికీ తలా రెండు, పుట్టబోయే నలుగురికీ తలా రెండు. సరిగ్గా సరిపోయిందని నీలమ్మ మురిసిపోయింది.

ఒకరోజు చూస్తే గూట్లో ఐదు గుడ్లున్నాయి. అటు నుంచి లెక్కపెట్టినా ఇటు నుంచి లెక్కపెట్టినా ఐదే.

"ఏమయ్యా, నేను పెట్టినవి నాలుగేగా?"

"నన్నడుగుతావేంటే? పెట్టింది నువ్వు! ఇదేదో కోకిల పనే. ఒకటి కిందికి తోసేద్దాం" అని గవరయ్య ఒకదాన్ని ముక్కుతో తాకాడు.

"ఆగు, అది మనదేమో!"

ఇంకోదాన్ని తాకాడు.

"అయ్యో, అదీ మనదేనేమో!"

ఐదూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి. ఐదుగురికి పది ముక్కలు పోతే పెద్దవాళ్లకు మిగిలేది చెరొకటి. ఆ తిండితో అతను ఎగరలేడు, తను కూర్చోలేదు. నీలమ్మకు పొద్దంతా ఏమీ పాలుపోలేదు. చివరికి లేచి రెక్కలు దులుపుకుంది.

"పిల్లలొచ్చాక పూటకొకరం మేతకెళ్దాం. అలసట లేకుండా తిరిగితే ఇంకో రెండు ముక్కలు దొరక్కపోవు. ఇవాళే కూర్చోవడం అలవాటు చేసుకో."

"మగకాకి పొదగడమా! చెట్టంతా నవ్వదూ?"

"నవ్వేవాళ్లు రెండు ముక్కలు తెచ్చిపెడతారా?"

గవరయ్య గూట్లోకి దిగి, కాళ్లెక్కడ పెట్టాలో తెలియక తడబడి, ఐదింటి మీదా మెల్లగా సర్దుకున్నాడు. నీలమ్మ ఇంకా కొమ్మ దాటకముందే అరిచాడు: "ఏమే, తొందరగా వచ్చెయ్!"