తూలు నడక

"నా కొడుకుని తాగుబోతన్న నోరేది? బయటికి రమ్మను!"

కోల్డ్ స్టోరేజీ గేటు ముందు పుల్లమ్మ వేసిన అరుపుకి, లోపల మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్లందరూ తలలెత్తారు. ఆమె చేతిలో ఆసుపత్రి ఫైలుంది. వెనక ఏసుబాబు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మేస్త్రి అంకమ్మరావు తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా ఈ గోల? మిర్చి టిక్కీ బస్తా భుజానేసుకుని పట్టపగలు తూలి పడ్డాడు నీ కొడుకు. పక్కవాడి కాలు విరగాల్సింది. నోట మాట ముద్దగా వచ్చింది. తాగాడనక ఏమనమంటావు?"

"వాసనొచ్చిందా నీకు? అడిగావా వాణ్ని? అంతమందిలో మెడబట్టి గెంటుతావా?" ఫైలు తీసుకుని అతని ఛాతీకేసి కొట్టింది. "చదువు!"

అంకమ్మరావు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "అంతా ఇంగ్లీషులో ఉంది..."

"అయితే నేను చెప్తా విను. రోగాల మీదికి పోవాల్సిన ఒంట్లో బలమే తిరగబడి వాడి మెదట్లో నరాల్ని తినేస్తోందంట. స్కానింగులో మచ్చలు చూపించారు. అందుకే ఆ తూలుడు, అందుకే ఆ ముద్దమాట. ఇరవయ్యారేళ్లు వాడికి! ఇంతమందిలో అన్నావుగా, ఇంతమందిలోనే తప్పయిందని చెప్పు."

తొడాలు తీసే చేతులు ఆగిపోయాయి. అంకమ్మరావు తువ్వాలు నలుపుతూ తల దించుకున్నాడు.

"తప్పయిపోయింది ఏసూ. తెలియక అన్నాను."

"తెలియకపోతే అడగాలి! తాగలేదని మొత్తుకుంటున్న మనిషి మాట ఒక్కసారన్నా నమ్మాలి!"

"ఇక చాలమ్మా," అన్నాడు ఏసుబాబు. నాలుక మడతపడుతున్నా గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. ఆ కోపం మేస్త్రి మీద కాదు. తల్లి వైపు తిరిగాడు.

"నువ్వు మందులకి కిందికెళ్లినప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఈ జబ్బు తండ్రి నుంచి బిడ్డకి నేరుగా రాదంట. కానీ వచ్చే గుణం కొన్ని కుటుంబాల రక్తంలో ఉంటుందంట. మీ ఇంట్లో ఇంకెవరన్నా ఇట్టాగే తూలేవాళ్లా అని అడిగింది."

"మనింట్లో ఎవరున్నార్రా?"

"నాన్న."

"మీ నాన్నది తాగుడు!"

"నువ్వు చూశావా? ఏ ఒక్కరోజన్నా ఆయన తాగుతుంటే నీ కళ్లతో చూశావా?"

పుల్లమ్మ గోడ పట్టుకున్న కొడుకు చేతికేసి చూసింది.

తాగొచ్చావంటూ ఆమె చీపురు తిరగేసి గెంటి తలుపేసుకున్న రోజు, "బైబిలు మీద చెయ్యేసి చెబుతానే పుల్లమ్మా, చుక్క ముట్టలేదు" అని గుమ్మంలో ఏడ్చి, గోడలు పట్టుకుంటూ వెళ్లిన ఆ మనిషి మళ్లీ తిరిగి రాలేదు.