ఉలకని పలకని ఫోను

“వీళ్ళు ఇవ్వరే అమ్మాయ్. నా మనసు కీడు శంకిస్తోంది,” అంది తల్లి, ఫౌండేషన్ ఆఫీసు వరండాలో నిలబడలేక నిలబడుతూ.

“నీ మనసు మేలు ఎప్పుడు శంకించింది గనకమ్మా?” కూతురు ఫైలు చంకలోకి లాక్కుంది. “అడిగినదానికే జవాబు చెప్పు. ఆ మాట్లాడని ఫోను సంగతి మాత్రం ఎత్తకు, నీకు దణ్ణం పెడతా.”

ఊళ్ళోవాళ్ళు తలా కాస్త వేసి పెట్టుకున్న ఫౌండేషన్ అది. చిన్న సంస్థలకు ఏటా గ్రాంట్లు ఇస్తుంది. తల్లీకూతుళ్ళ సంస్థ అంటే ఒక అద్దెగది, అందులో ఒక ఫోను. తోడులేనివాళ్ళు ఎవరైనా చేస్తే పలుకుతారు, అంతే. ఈ గ్రాంటు రాకపోతే నెలాఖరుకి ఆ గదికి తాళమే.

లోపల పొడవాటి బల్ల. నడుమ అధ్యక్షురాలు, పక్కన లెక్కలు చూసే ఆయన, చివరి కుర్చీలో టీలో చెంచా తిప్పుకుంటూ ఒక పెద్దాయన. కూతురు రిజిస్ట్రేషన్, ఆడిట్ కాగితాలు ముందు పెట్టి, అడిగినవన్నీ గడగడా అప్పజెప్పింది. అంతా సాఫీగానే సాగుతోంది.

“మరి ఫోను ఎత్తేది ఎవరు?” అని అడిగింది అధ్యక్షురాలు.

“నేనేనండి.” తల్లి కళ్ళు గోడగడియారం మీదే ఉన్నాయి. చివరి కుర్చీలో చెంచా చప్పుడు ఆగింది. “ఇవాళ పక్కగది కుట్టుమిషనావిణ్ణి కూర్చోబెట్టి వచ్చానండి. ఆవిడేమో ‘ఎవరు, ఎవరు’ అని రెండు కేకలేసి ఠపీమని పెట్టేసే రకం. ఇది ఆ మాట్లాడనివాళ్ళు చేసే వేళాయె.”

కూతురు బల్ల కింద కాలు తొక్కింది. అప్పటికే నోరు జారిపోయింది.

“మాట్లాడనివాళ్ళా?” లెక్కలాయన కలం ఆపాడు.

“రోజూ టీ వేళకి చేస్తారండి. ఆడో మగో తెలీదు. ఉలకరు, పలకరు. ఊపిరి మాత్రం వినబడుతుంది. ముందు ‘భోంచేశారా?’ అంటాను. కాసేపు చూస్తాను. ఇహ నేనే అందుకుంటాను, కుళాయి కారుతోందనో, మా అమ్మాయి నా మాట వినదనో. ఏడాదై చివరిదాకా వింటున్నారు.”

“అంటే ఏడాదిగా గోడతో మాట్లాడుతున్నారు,” అధ్యక్షురాలు నవ్వాపుకుంది. “దీన్ని ఫలితాల్లో ఏమని రాసుకోమంటారు?”

తల్లికి ఆ మాట చెవికెక్కలేదు. “ఒక్క ఫోన్ చేసుకుంటానండి,” అని, ఎవరూ ఊ అనకముందే గది నంబరు నొక్కేసింది. “వదినా, ఫోనొచ్చిందా? రాలేదా? అసలు మోగనే లేదా?”

ఆమె కుర్చీలోంచి లేచింది.

“ఏదో పనిలో ఉండుంటారు, కూర్చో,” కూతురు పళ్ళ బిగువున గొణిగింది.

“ఒక్కరోజు తప్పినవాళ్ళు కాదే! ఎక్కడ పడిపోయారో, ఏమైందో. వెళ్ళి చూద్దామన్నా ఇల్లెక్కడో తెలీదు. ఆలస్యంగానైనా చేస్తే, ఆ కుట్టుమిషనావిడ కేకలకి మళ్ళీ జన్మలో చేస్తారా?” తల్లి సంచీ భుజాన వేసుకుంది.

“చూడండి, మధ్యలో లేచి వెళితే ఈ ఏటికి మీ దరఖాస్తు పక్కన పెట్టేయాల్సిందే,” అంది అధ్యక్షురాలు.

కూతురు కొంగు పట్టుకుంది. “అమ్మా, గది పోతుందమ్మా!”

“గది పోతే పోయింది. మనిషి పోతే?” తల్లి కొంగు విడిపించుకుని తలుపు వైపు నడిచింది.

అధ్యక్షురాలు విసుగ్గా చివరి కుర్చీ వైపు తిరిగింది. “మీరేమంటారండీ?”

పెద్దాయన తలెత్తలేదు. టీ మీద తొరక కట్టింది. తల్లి చెయ్యి తలుపు గడియ మీద పడింది.

“ఇవాళ ఆ ఫోను రాదమ్మా,” అన్నాడాయన. టీ పక్కకి జరిపాడు.

“భోంచేశాను.”