మొదట కాదన్న మనిషి

"గొర్రెలను కంటి అంచనాకు దళారికి ఇచ్చేయకుండా, కాటా వేసి అమ్మేలా పన్నెండుమంది ఆడవాళ్లను ఒప్పించానని మీ వ్యాసంలో రాశారు. అందరికంటే ముందు కాదన్నది ఎవరు? ఏమంది?"

ల్యాప్‌టాప్ తెర మీద ప్రొఫెసరు ఇంగ్లీషులో అడిగాడు. ముదిగుబ్బలో తన ఇంట్లో కూర్చుని వింటోంది ప్రసూన. ఈ బిజినెస్ స్కూలు ఇంటర్వ్యూ కోసం రెండు నెలలుగా నూరు ప్రశ్నలకు జవాబులు వల్లించింది. ఈ ప్రశ్న వాటిలో లేదు.

ఆయన ఎదురుచూస్తున్నాడు. ఏదో ఒకటి అల్లి చెప్పబోయి ఆగిపోయింది.

"సార్, ఆ పని చేసింది నేను కాదు. మా అమ్మ. వ్యాసంలో నేనే చేసినట్టు రాసుకున్నాను."

సీటు పోయిందనుకుంది. కానీ ఆయన, "అమ్మగారు ఇంట్లో ఉన్నారా? ఆవిడనే అడగండి. చెప్పింది చెప్పినట్టు నాకు ఇంగ్లీషులో చెప్పండి" అన్నాడు.

గొర్రెలకు నీళ్లు పెడుతున్న కదిరమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ప్రసూన తెలుగులో అడిగిన ప్రశ్న విని, కూతురి ముఖంలోకి చూసింది.

"నిజం చెప్పల్లా పాపా?"

"చెప్పుమా."

కదిరమ్మ తెరవైపు తిరిగింది.

"ముందుగాల వద్దనింది ఈ పాపే సార్. 'సంతలో నువ్వు కాటా పట్టుకోని నిలబడితే కాలేజీలో నన్ను చూసి నగుతారు' అనింది. మూడు దినాలు నాతో మాట్లాడలేదు. ఆ పన్నెండు మందిని ఒప్పించేది సులువే అయినాది. దీన్ని ఒప్పించేకే నాకు సాలుసాలైనాది."

ప్రొఫెసరుకు తెలుగు రాదు. ఆయన ప్రసూన వైపు చూశాడు.

ప్రసూన ఒక్క మాటైనా మింగకుండా చెప్పింది.