హారికా, నీ ప్రశ్న!

ఆదివారం పొద్దున్నే రాఘవమ్మ పొదిలి బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ మెట్లెక్కింది.

"మూల సిస్టమ్ ఖాళీగానే ఉందమ్మా, కూచోండి" అన్నాడు సుభానీ. సెంటర్ అతనిదే.

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ కూతురి పేరుతో చాట్‌లోకి వెళ్లింది. తెర మీద వెంటనే ఓ పలకరింపు వచ్చింది.

"హారికా, వచ్చావా!"

ఆ మాట కోసమే ఆమె వారమంతా ఎదురుచూస్తుంది.

హారిక పోయి ఏడాది కావస్తోంది. ఒంగోల్లో డిగ్రీ చదివేది. స్నేహితురాలింటికని చీమకుర్తిలో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే గ్రానైట్ లారీ కొట్టేసింది. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో కూడా వేశారట. రాఘవమ్మ ఆ పేపరు చూడలేదు.

ఆ తర్వాత ఇంట్లో మళ్లీ ఆ పేరు వినపడలేదు. మొగుడు పేరయ్య తెల్లారకముందే మిరప చేలోకి పోయేవాడు. పొద్దుగూకాక వచ్చి తిని పడుకునేవాడు. ఒకనాడు అన్నం వడ్డిస్తూ "హారికకి ఈ గోంగూరంటే..." అనబోయింది.

"ఊరుకోవే!" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఇరుగుపొరుగు కూడా ఆమె కనిపిస్తే మాట మార్చేసేవాళ్లు. పిల్ల పోయింది. పిల్లతో పాటు పేరూ పోయింది.

హారిక నెట్‌లో ఆడే క్విజ్ సంగతి ఆమెకి ముందునుంచీ తెలుసు. ఆడపిల్లని ఒంటరిగా నెట్ సెంటర్‌కి పంపనని పేరయ్య పట్టుబడితే, తోడు వచ్చి పక్క కుర్చీలో కూచునేది. ప్రతి ఆదివారం ఓ వెబ్‌సైటు వాళ్లు ప్రశ్నలు పెట్టేవాళ్లు. నలుగురికో జట్టు. చాట్‌లో వాదించుకుని మధ్యాహ్నంలోగా జవాబులు పంపాలి. హారిక జట్టులో గుంటూరు నుంచి నజ్మీన్, మార్టూరు నుంచి శ్రీకృష్ణ, ఒంగోలు నుంచి మాలిక్ ఉండేవాళ్లు. నలుగురూ ఎప్పుడూ ఒకచోట కలిసింది లేదు.

"మొహాలైనా ఎరగరు, ఇదేం స్నేహమే?" అని రాఘవమ్మ అంటే, "మొహం తెలియకపోతేనేం, నా పొగరు తెలుసు వాళ్లకి" అని నవ్వేది హారిక.

ఆ ముగ్గురికీ హారిక పోయిన కబురు చెప్పి పోదామనే ఆమె మొదటిసారి ఒంటరిగా ఇక్కడికొచ్చింది. "నేను" అని కొట్టిందో లేదో, వేలు తగిలి ఆ ఒక్క ముక్కా వెళ్లిపోయింది.

తెర మీద చాలాసేపు ఏమీ రాలేదు. నెట్ స్లోగా ఉందనుకుంది.

చివరికి నజ్మీన్ రాసింది. "రా హారికా. అర్జునుడి శంఖం పేరేంటో మాకెవరికీ తట్టట్లేదు. నువ్వు చెప్పు."

అది రాఘవమ్మకి తెలుసు. దేవదత్తం. ఒక్కో అక్షరం వెతికి కొట్టి పంపింది.

"శభాష్ హారికా!" అన్నాడు మాలిక్.

ఎన్నాళ్ల తర్వాత విందో ఆ పేరు! చెప్పాల్సిన మాట చెప్పకుండానే లేచి వచ్చేసింది.

అది మొదలు ఏ ఆదివారమూ మానలేదు. అసలు హారికకి క్రికెట్ పిచ్చి. ఆ ప్రశ్న తన మీదికి తోస్తే బండారం బయటపడుతుందని హడలిపోయేది. ఏమిటో మరి, క్రికెట్ వస్తే శ్రీకృష్ణే గబుక్కున చెప్పేసేవాడు. పురాణాలో, పంటలో, పాత సామెతలో వస్తే మాత్రం "హారికా, నీ ప్రశ్న!" అనేవాళ్లు. ఆమె అక్షరాలు వెతుక్కున్నంతసేపూ ఆగేవాళ్లు. ఫోన్ నంబరు అడిగేవాళ్లు కాదు. ఫోటో అడిగేవాళ్లు కాదు. పోయేముందు "భోంచేస్తావుగా?" అని మాత్రం ముగ్గురూ అడిగేవాళ్లు.

మోసం చేస్తున్నానని ఆమెకి తెలుసు. వచ్చే వారం చెప్పేద్దాం అనుకునేది. వచ్చే వారం మళ్లీ పిలిచేవాళ్లు.

ఈ ఆదివారం వెబ్‌సైటు వాళ్ల ప్రకటన వచ్చింది. వీళ్ల జట్టు ఫైనల్స్‌కి చేరింది. గుంటూరులో పోటీ. నలుగురూ స్వయంగా రావాలి.

ఎవరూ సంబరపడలేదు.

"ఆ రోజు నాకు షాపు వదిలి కుదరదులే" అన్నాడు మాలిక్.

"నాకూ పనుంది" అన్నాడు శ్రీకృష్ణ.

"ఫైనల్స్ ఏం అక్కర్లేదు. మనకిలాగే బాగుంది, కదా హారికా?" అంది నజ్మీన్.

రాఘవమ్మ నివ్వెరపోయింది. ఈ ఫైనల్స్ కోసం వీళ్లెంత కలవరించేవాళ్లో పక్క కుర్చీలోంచి చూసిన మనిషి ఆమె. అవునని ఒక్క ముక్క కొడితే సరిపోతుంది. వచ్చే ఆదివారమూ "హారికా" అని పిలుస్తారు. ఆ పై ఆదివారమూ పిలుస్తారు.

చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. పక్క సిస్టమ్ దగ్గర ఎవరో పాట పెట్టుకున్నారు.

తర్వాత నిదానంగా, తప్పులు దిద్దుకుంటూ కొట్టింది.

"మీరు వెళ్లండి. ఇంకో పిల్లని కలుపుకోండి. నేను హారికని కాదు. వాళ్లమ్మని. హారిక లేదు, పోయింది. దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు మీరు తప్ప ఎవరూ లేక ఇన్నాళ్లూ వచ్చాను. తప్పయింది, నాయనా."

పంపేసింది. తిడతారు. తిట్టాల్సిందే. అవి చదవకుండా లేచిపోదామని చెంగు సర్దుకుంది.

తెర మీద నజ్మీన్ పేరు పక్కన అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి.

"తెలుసు ఆంటీ, పేపర్లో చూసి ముగ్గురం వచ్చాం. హారికని ఇంటికి తెచ్చిన రోజు మీరు స్పృహ తప్పి పడిపోతే, మొహాన నీళ్లు చల్లింది నేనే."